చెప్పు రబ్బరు పూసలు, ఇరవై లెక్క: కాక్టోవిక్ అంకెలు ఇంట్లోనే నేర్చుకోవడం ఎలా

అలాస్కాకు ఉత్తరపు కొసన, బ్యూఫోర్ట్ సముద్రం ఒడ్డున బార్టర్ అనే దీవి ఉంది. దాని మీద కాక్టోవిక్ అని చిన్న ఊరు, మూడొందల మంది కూడా ఉండరు. అక్కడి ఇనుపియాట్ ప్రజల భాష ఇనుపియాక్‌లో లెక్క పదుల్లో కాదు, ఇరవైల్లో నడుస్తుంది. 1990ల మొదట్లో ఆ ఊరి హెరాల్డ్ కవియోలూక్ బడిలో పిల్లలకు ఓ చిక్కు వచ్చింది. నోటితో ఇరవైల్లో చెప్పే లెక్కని కాగితం మీద పెడదామంటే చేతిలో ఉన్నవి 0 నుంచి 9 దాకా పది అంకెలే. ఇంకో పది కావాలి. మొదట ఏవో పది కొత్త గుర్తులు కల్పించి చూశారు. ఏది ఎంతో ఎవరికీ గుర్తుండలేదు. మాధ్యమిక తరగతుల్లో ఉన్నదే మొత్తం తొమ్మిది మంది పిల్లలు. వాళ్లూ, లెక్కలు చెప్పే విలియం బార్ట్‌లీ మాస్టారూ కలిసి కూర్చుని 1994లో కొత్త అంకెలు తయారుచేసుకున్నారు. వాటినే ఇప్పుడు కాక్టోవిక్ అంకెలు అంటున్నారు.

ఆ అంకెలు రాయడం, వాటితో పాటు వాళ్లు బడి వర్క్‌షాపులో చేసుకున్న పూసల చట్రంలాంటిది ఇంట్లో చేసుకోవడం, రెంటితోనూ కూడిక నుంచి భాగహారం దాకా వెళ్లడం ఇక్కడ చెబుతాను. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు పక్కనుంటే మేలు. వాళ్లు మనకంటే ముందు పట్టేస్తారు, కాస్త ఓర్చుకోవాలి.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి: గుప్పెడు చింతపిక్కలు, పగిలిన రాతిపలక తాలూకు చెక్క చట్రం, మూడు పాత సైకిల్ పుల్లలు, అరిగిపోయిన హవాయి చెప్పు ఒకటి, స్కేలంత చెక్కపట్టీ, గళ్ల నోటుబుక్కు, రెండు రంగుల పెన్సిళ్లు.

మొదటి మెట్టు: ఒంటి మీద లెక్కపెట్టడం

కాగితం తీయకండి. అందరూ చెప్పులు విప్పి నేల మీద కూర్చోండి, కాలివేళ్లు కనపడాలి.

ఇనుపియాక్ భాషలో ఒకటి అటౌసిక్, రెండు మల్‌గుక్, మూడు పింగసుత్, నాలుగు సిసామత్. ఐదు తల్లిమత్, ఆ మాట చేతికి సంబంధించింది. రెండు చేతులూ అయిపోతే పది, కులిత్. అంటే ఒంట్లో పైభాగం అయిపోయింది. అక్కణ్నుంచి కాళ్లకు దిగాలి. పదిహేను అకిమియాక్. అవతలికి దాటడం అనే అర్థం ఆ మాటలో ఉంది, ఒక కాలు ముగించి రెండో కాలికి దాటుతున్నాం. ఇరవై ఇన్యుయిన్యాక్, నిండు మనిషి.

ఇక ఆట. మీరు సంఖ్య చెప్పాలి, పిల్లలు దాన్ని మనుషులుగా చెప్పాలి. 35 అంటే నిండు మనిషి ఒకరు, ఇంకొకరి రెండు చేతులూ ఒక కాలూ. 53 అంటే ఇద్దరు నిండు మనుషులు, మూడో మనిషి రెండు చేతులు, మూడు కాలివేళ్లు. పది పదిహేను సంఖ్యలు ఇలా ఆడకుండా రెండో మెట్టుకు వెళ్లకండి. ఇక్కడ తొందరపడితే తర్వాత అంతా బట్టీ అవుతుంది.

ఇదేదో వింత అనుకోనక్కర్లేదు. వామనగుంటల్లో నాలుగు పిక్కలు పోగైతే మనవాళ్లు పుంజీ అంటారు. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలే. బేడ, పావలా అంటూ బతికిన మా అమ్మకు ఈ ఇరవై లెక్క చెబితే, నాకు పట్టిన దాంట్లో సగం సేపు కూడా పట్టలేదు.

రెండో మెట్టు: గీతలు గీయడం

నియమం ఒక్కటే. కింద నిలువుగా వాలిన గీత ఒక్కోటి 1. పైన ఇంచుమించు అడ్డంగా ఉండే గీత ఒక్కోటి 5. కింద నాలుగు గీతలకు మించవు, పైన మూడుకు మించవు. పైన మూడు, కింద నాలుగు ఉంటే 15, 4 కలిపి 19. ఆ తర్వాత ఇరవై, దానికి పక్క స్థానం ఉంది.

గీతల్ని విడివిడిగా గీయకూడదు. పెన్సిలు ఎత్తకుండా, ముగ్గులో మెలికలు తిప్పినట్టు ఒకదాని కొసనుంచి ఇంకోటి లాగాలి. 1 ఒక్క వాలుగీత. 2 టిక్కుమార్కులా ఉంటుంది. 3కి ఇంకో మలుపు, 4కు ఇంకోటి, రెండు టిక్కులు అంటించినట్టు. ఐదు పైన అడ్డగీత ఒక్కటే. 10 అంటే ఆ అడ్డగీత వెళ్లి వెనక్కి మళ్లడం, 15 అంటే మళ్లీ ముందుకు రావడం. 7 రాయాలంటే పైన ఒక అడ్డగీత, దాని కొసనుంచి కిందికి టిక్కు. 13కు పైన రెండు, కింద మూడు.

సున్నా సంగతి వేరు. ఇనుపియాక్‌లో దానికి మాట లేదు, పిల్లలే గుర్తు ఎంచుకున్నారు: లెక్కపెట్టడానికేమీ లేదని చేతులు అడ్డంగా కట్టుకున్న ఆకారం.

గళ్ల పుస్తకంలో 0 నుంచి 19 దాకా మూడు వరసలు రాయించండి. మా అన్నయ్య కూతురు రెండో వరసలో ఆగి, "బాబాయ్, ఇవి అంకెలు కావు, బొమ్మలు. ఎన్ని గీతలుంటే అంత" అంది. కాక్టోవిక్ పిల్లలు కోరుకున్నదీ అదే. తమ అంకెలు ఎలా ఉండాలో వాళ్లు ముందే అనుకున్నారు: చూడ్డానికి తేలిగ్గా ఉండాలి, ఆకారం చూస్తే విలువ తెలియాలి, పెన్సిలు ఎత్తకుండా చకచకా రాయగలగాలి, మామూలు అంకెలతో కలిసిపోకూడదు, అందంగానూ ఉండాలి. మన 7ని చూడండి. అందులో ఏడు ఎక్కడుంది?

పెద్ద పిల్లలు ఈ అంకెల్ని చిన్న తరగతులకు నేర్పబోతే, ఆ బుడతలు ప్రతి అంకెనూ ఒకే కొలత గడిలో ఇరికించి రాయడం మొదలుపెట్టారు. ఐదులు పైన, ఒకట్లు కింద అనే పొందిక అలా కుదిరింది. మీ పిల్లలు కూడా గడి దాటకుండా రాసేలా చూడండి. పై గీతలు పొడుగ్గా సాగితే భాగహారం దగ్గర కళ్లు తికమకపడతాయి.

ఒక చిన్న సంగతి. ఇనుపియాక్‌లో 9ని పదికి ఒకటి తక్కువ అన్నట్టు చెబుతారు, 14నూ 19నూ అంతే. అంకెల్లో మాత్రం 9 అంటే 5, 4. నాలుక చెప్పినంత మాత్రాన చెయ్యి అలాగే రాయాలని ఆ పిల్లలు పట్టుబట్టలేదు. నాకది నచ్చింది.

మూడో మెట్టు: స్థానాలు

మన లెక్కలో కుడినుంచి ఒకట్లు, పదులు, వందలు. ఇక్కడ ఒకట్లు, ఇరవైలు, నాలుగువందలు, ఆపైన ఎనిమిదివేలు. ఒక్కో స్థానానికి ఇరవై రెట్లు.

మన సంఖ్యను ఇందులోకి మార్చాలంటే 20తో భాగించుకుంటూ పోయి శేషాలు పక్కన పెట్టుకోవాలి. 1994 తీసుకోండి. 20తో భాగిస్తే 99, శేషం 14. ఆ 99ని మళ్లీ 20తో భాగిస్తే 4, శేషం 19. కాబట్టి 4·19·14. సరిచూడండి: నాలుగు నాలుగువందలు 1600, పంతొమ్మిది ఇరవైలు 380, ఇంకో 14. మొత్తం 1994. చుక్కలు నేను ఇక్కడ టైపు చేయడానికి పెట్టినవి. నోటుబుక్కులో మూడు గీతల బొమ్మలు పక్కపక్కన వస్తాయి, అంతే.

ఇంట్లో వాళ్ల పుట్టిన సంవత్సరాలు మార్పించండి. తాతయ్యది, అమ్మది, తమది. పాఠ్యపుస్తకం లెక్కల కంటే ఇవి చేయడానికి పోటీ పడతారు.

నాలుగో మెట్టు: పూసల చట్రం కట్టడం

కాక్టోవిక్ పిల్లలు చట్రం చేసుకున్నది మొదట ఈ మార్పిడి కోసమే. చేశాక చూస్తే లెక్కలు చేయడానికి కూడా అదే బాగా పనికొచ్చింది. ప్రతి నిలువు వరసలో పై గదిలో మూడు పూసలు, కింది గదిలో నాలుగు. పైవి ఐదులు, కిందివి ఒకట్లు. అంకె ఎలా ఉందో చట్రం అలాగే ఉంటుంది.

పలక చట్రంలో పైనుంచి మూడో వంతు దగ్గర చెక్కపట్టీని అడ్డంగా బిగించండి. బిగించే ముందే ఆ పట్టీకి మూడు బెజ్జాలు సమాన దూరంలో వేసుకోవాలి, పుల్లలు వాటిలోంచి దూరాలి. చట్రం పైచెక్కకూ కిందిచెక్కకూ సరిగ్గా వాటికెదురుగా మూడేసి బెజ్జాలు. సైకిల్ షాపులో మూల పారేసిన పుల్లలు అడిగితే ఊరికే ఇస్తారు. కొసలు పదునుగా ఉంటాయి, పిల్లల చేతికిచ్చే ముందు గరుకు కాగితంతో రాయండి.

నేను మొదటిసారి ఫ్యాన్సీ షాపులో గాజు పూసలు కొని ఎక్కించాను. చూడ్డానికి భలేగా ఉంది. గోడకు ఆనించి నిలబెట్టగానే పై పూసలన్నీ జారి పట్టీ మీద పడ్డాయి, కిందివి అడుక్కి చేరాయి. ఏ లెక్కా పెట్టకుండానే ప్రతి వరసా 15 చూపిస్తోంది! మర్నాడు అన్నీ తీసేసి చెప్పు రబ్బరుతో చేశాను. అడుగుభాగంలోంచి శనగగింజ కంటే కాస్త పెద్ద ముక్కలు కోసి, నడుమ దబ్బనంతో పొడిచి పుల్లకు ఎక్కించాలి. రబ్బరు పుల్లను పట్టుకుంటుంది, జరిపిన చోటే ఆగుతుంది. వరసకు ఏడు చొప్పున మూడు వరసలకు ఇరవై ఒక్క ముక్కలు. పై మూడింటికి రంగు వేయండి లేదా వేరే రంగు చెప్పు వెతకండి.

పట్టీ వైపు జరిపిన పూస లెక్కలో ఉన్నట్టు, దూరంగా ఉన్నది లేనట్టు. 4·19·14 పెట్టి చూడండి. ఎడమ వరసలో కింద నాలుగూ పట్టీకి ఆనాలి, నడుమ వరసలో ఏడుకు ఏడూ, కుడి వరసలో పైన రెండు, కింద నాలుగు.

ఐదో మెట్టు: కూడిక, తీసివేత

8కి 9 కలపాలి. 8లో పైన ఒకటి, కింద మూడు. 9లో పైన ఒకటి, కింద నాలుగు. కలిపేస్తే పైన రెండు, కింద ఏడు. కింద ఏడు ఉండకూడదు కదా, అందులో ఐదు తీసి పైకి ఒకటిగా పంపితే పైన మూడు, కింద రెండు. 17. ఇందులో ఎక్కాలేవీ లేవు, కంఠతా పట్టిందేమీ లేదు. గీతలు పోగేయడం, నిండితే పైకి పంపడం.

14కు 18 కలపండి. పైన రెండూ మూడూ ఐదు, కింద నాలుగూ మూడూ ఏడు. కింది ఏడులోంచి ఐదు పైకి పోతే కింద రెండు, పైన ఆరు. పైన నాలుగు చేరితే ఇరవై అయినట్టే, పక్క వరసకు ఒకటిగా పోతుంది. పైన మిగిలేవి రెండు. జవాబు 1·12, అంటే 32. చట్రం మీద పూసలు చాలవు కనుక ఇలాంటివి మొదట చింతపిక్కలతో నేల మీద చేయించండి. చట్రం మీదైతే దగ్గరదారి ఉంది: 18 అంటే ఇరవైకి రెండు తక్కువ. కుడి వరసలో రెండు తీసి, పక్క వరసలో ఒకటి కలపడమే.

తీసివేతకు 23లోంచి 8. చట్రం మీద 1·3. కింద మూడు తీసేయండి. ఇంకో ఐదు తీయాలి, పైన ఏమీ లేదు. పక్క వరసలో ఒక పూస వెనక్కి జరపండి, అది నాలుగు ఐదులు. పై గదిలో మూడు పూసలే ఉన్నాయే అని పిల్లలు ఇక్కడ అడుగుతారు, అడగాలి కూడా. నాలుగింట్లో ఒకటి మనం తీయాల్సిన ఐదుకింద అప్పుడే పోయింది, మిగిలిన మూడే పెట్టాలి. జవాబు 15.

ఆరో మెట్టు: గుణకారం, భాగహారం

గుణకారం మీద ఎక్కువసేపు ఆగను. 1, 2, 3, 4, 5, 10, 15 ఎక్కాలు తెలిస్తే చాలు, ఎందుకంటే ప్రతి అంకె పై ముక్క, కింది ముక్కగా విడిపోతుంది. 7×8 అంటే (5+2)×(5+3). ఐదైదులు 25, ఐదు మూళ్లు 15, రెండైదులు 10, రెండు మూళ్లు 6. మొత్తం 56, అంటే 2·16.

భాగహారం దగ్గరే అసలు వింత. మామూలు బడిలో పిల్లలు జడిసేది దానికే, ఇక్కడ అది బొమ్మలో బొమ్మను వెతికే ఆట అవుతుంది.

18·12·6ను 6తో భాగించాలి. 6 అంటే పైన ఒక గీత, కింద ఒక గీత. 18లో పైన మూడు, కింద మూడు. అందులో 6 బొమ్మ ఎన్నిసార్లు ఉంది? మూడుసార్లు, కళ్లకు కనపడుతోంది. 12లో పైన రెండు, కింద రెండు, కాబట్టి రెండుసార్లు. 6లో ఒకసారి. జవాబు 3·2·1. మన లెక్కలో ఇది 7446ను 6తో భాగిస్తే 1241. పలక మీద ఆ భాగహారం చేసి రెంటికీ పట్టిన సమయం చూసుకోండి.

భాజకం రెండంకెలైతే రంగు పెన్సిళ్లు తీయండి. కాక్టోవిక్ పిల్లలు కూడా ఏ గీతలు వాడేశామో తెలియడానికి రంగులు వాడారు. 2·15·18ని 1·6తో భాగిద్దాం. మన లెక్కలో 1118ని 26తో.

ఎడమనుంచి మొదటి రెండంకెలు 2·15 చూడండి. అందులో 1·6 రెండుసార్లు కావాలంటే 2·12 ఉండాలి. మొదటి అంకెలో రెండు గీతలున్నాయి, సరిపోయాయి. రెండో అంకె 15లో పైన మూడు గీతలు, కింద ఏమీ లేవు. మనకు కావలసింది పైన రెండు, కింద రెండు. పై గీత ఒకటి విడగొట్టి కిందికి ఐదుగా దించండి. అప్పుడు పైన రెండు, కింద ఐదు. వాటిలో పై రెండింటికీ, కింది రెండింటికీ ఎర్రరంగు దిద్దండి, అవి పోయాయి. కింద మూడు మిగిలాయి. జవాబులో మొదటి అంకె 2.

ఇప్పుడు మిగిలింది 3·18. ముందు మూడు గీతలు, తర్వాత పైన మూడు, కింద మూడు. 1·6 బొమ్మ అందులో సరిగ్గా మూడుసార్లు ఉంది. నీలంరంగు దిద్దండి. జవాబు 2·3, అంటే 43.

లెక్కలన్నీ ఇలా అందంగా రావు. శేషాలు వస్తాయి, రెండుమూడుసార్లు విడగొట్టాల్సి వస్తుంది. మొదటి వారం మీరే లెక్కలు తయారుచేసి ఇవ్వండి: చిన్న సంఖ్యలు రెండు గుణించి, ఆ లబ్ధాన్ని ఇచ్చి తిరిగి భాగించమనండి.

ఈ అంకెలు వచ్చాక కాక్టోవిక్ మాధ్యమిక తరగతుల పిల్లల సగటు, కాలిఫోర్నియా అచీవ్‌మెంట్ పరీక్ష లెక్కల్లో 20వ పర్సంటైల్ దిగువనుంచి, అంటే నూటికి ఎనభైమందికి పైగా తమకంటే ముందున్న చోటినుంచి, అమెరికా జాతీయ సగటు పైకి వచ్చింది. తొమ్మిది మంది ఉన్న తరగతి సగటు అని గుర్తుపెట్టుకునే ఈ మాట చెబుతున్నాను. 1998లో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల సంస్థ ఇన్యూట్ సర్కంపోలార్ కౌన్సిల్ కెనడాలో కూడా ఈ అంకెల్ని అభివృద్ధి చేసి వాడాలని సిఫారసు చేసింది. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాల కోసం వాడే ఉమ్మడి జాబితా యూనికోడ్. 2022 సెప్టెంబరులో వచ్చిన దాని 15.0 కూర్పులో ఇరవై అంకెలకూ చోటు దొరికింది. మీ ఫోన్లో ఆ ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు కనపడతాయి, కంగారుపడకండి.

ఏడో మెట్టు: మన కొండల దగ్గరికి

ఇది సవర పిల్లలకు లెక్కలు చెప్పే వాళ్లకు. మిగతావారు ఆరో మెట్టుతో ఆగిపోవచ్చు.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ ఒడిశా సరిహద్దు కొండల్లోనూ మాట్లాడే సవర భాషలో లెక్క పన్నెండు దాకా వెళ్లి, అక్కడ మలుపు తిరుగుతుంది. పదమూడంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఇరవై దగ్గర కొత్త కట్ట. 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 93 అంటే నాలుగిరవైలు, పన్నెండు, ఒకటి. మన వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన సంగతి చాలామందికి తెలుసు. ఆ భాషలో లెక్క ఇలా ఉందని మాత్రం మన ఉపాధ్యాయుల్లో తెలిసినవాళ్లు తక్కువే. 1936లో మంగేయ్ గొమాంగో సవరకు సోరా సోంపెంగ్ లిపి తెచ్చారు. యూనికోడ్‌లో ఆ లిపికి ఉన్నవీ పది అంకెలే. నోటిలో పన్నెండూ ఇరవై, కాగితం మీద పది. కాక్టోవిక్ పిల్లలు పడిన చిక్కే ఇది.

అలాగని కాక్టోవిక్ చట్రం తెచ్చి సవర పిల్లల ముందు పెడితే కుదరదు. 93 పెట్టండి: ఇరవైల వరసలో నాలుగు, అది బాగానే ఉంది. ఒకట్ల వరసలో 13 అంటే పైన రెండు, కింద మూడు. పిల్ల నోరు పన్నెండూ ఒకటి అంటోంది, పూసలు పదీ మూడూ అంటున్నాయి. చట్రమే మార్చాలి: పై గదిలో ఒక్క పూస, దాని విలువ 12. కింది గదిలో పదకొండు పూసలు. పై పూస దిగి ఉంటే కింద ఏడుకు మించి జరపనక్కర్లేదు, ఎనిమిదోది జరిపితే ఇరవై నిండుతుంది.

ఒక్కటే ఇబ్బంది, పదకొండు పూసలు ఒక్క చూపులో లెక్కకు రావు. నాలుగేసి పూసలకో రంగు వేసి చూశాను, మూడేసి చొప్పున కూడా చూశాను. రెండూ నా అలవాటుతో వేసినవే. కాబట్టి రంగు వేయకుండా, పదకొండూ ఒకే రంగు చెప్పుతో కోసి చట్రం ఇచ్చేయండి. ఒక రంగు డబ్బా, కుంచె పక్కన పెట్టి, ఏ పూసకు రంగు పడితే తొందరగా కనిపిస్తుందో వాళ్లనే వేయమనండి.